గుడ్డ కట్టిన డబ్బా

సీసాలో గీత పడింది. పైన లేత పసుపు, కింద కడుగునీళ్ల తెలుపు, రెంటికీ మధ్య దారం లాగి కట్టినట్టు ఒక గీత. సీసాను పక్కకి వంచాడు, గీత వంగింది. నిలబెట్టాడు, మళ్లీ సర్దుకుని సమంగా నిలబడింది. డబ్బా అడుగున మిగిలిన గుక్కెడు పెట్రోలును సీసాలోకి ఒంపింది తనే, ఒంపిన చెయ్యి తనదే, అయినా తనకి ముక్కూ మొహం తెలియని ఎవడో మనిషి ఈ షెడ్డులో నిలబడి ఈ పని చేస్తుంటే తను కిటికీలోంచి చూస్తున్నట్టుంది. ఈ డబ్బాకి నీలం గుడ్డ కట్టి ఉంది. నీలం గుడ్డ ఉంటే మంచి పెట్రోలు, లేకపోతే కడుగుడు డబ్బా, ఈ బోటు ఇంజన్ల షెడ్డు పెట్టిన నాటి నుంచి అదే లెక్క. మరి ఇందాక ఒక కార్బురేటర్ కడుగుదామని గుడ్డ లేని డబ్బా వంచితే పళ్లెంలోకి గాజులా తేటగా పెట్రోలు ఎందుకు పడింది? పడగానే అర్థమైంది, గుడ్డ మారింది. పొద్దున అన్నయ్య బోటులో గుడ్డ కట్టిన డబ్బా మొత్తం ఒంపింది తనే. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది, అన్నయ్యా వదినా తాడు విప్పుకుని వెళ్లింది పదిన్నరకి.

షెడ్డుకి తాళం వేశాడో లేదో తెలియదు. జెట్టీ దాకా పరిగెత్తిన దారీ గుర్తులేదు, ఒక చెప్పు మాత్రం గుర్తుంది, మెట్ల దగ్గర జారిపోయి వెనక్కి వెళ్లి తెచ్చుకుందామా వద్దా అని ఒక్క క్షణం నిజంగా ఆలోచించాడు, అన్న ప్రాణం మీదికొచ్చి ఉంటే చెప్పు గురించి ఆలోచించే బుర్ర కూడా ఒక బుర్రేనా అని ఆ క్షణంలోనే తిట్టుకున్నాడు. అన్నయ్య నంబరు ఫోనులో లేదు. మూడేళ్ల కిందట రోషం కొద్దీ తీసేశాడు. భార్యకి ఫోన్ చేసి వదిన నంబరు తీసుకున్నాడు, ఆమె "ఏమైంది, ఏమైంది" అంటుండగానే పెట్టేశాడు, వదిన ఫోను మోగనే లేదు, సిగ్నలు అందని చోట ఉన్నారని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది. జెట్టీ ఆఫీసులో గుమస్తా ఏదో రాసుకుంటున్నాడు.

"అన్నయ్య బోటు ఆగిపోతుంది. గస్తీ బోటు పంపండి."

"ఆగిపోయిందా, ఆగిపోతుందా?"

"ఆగిపోతుంది. ఆగిపోయి ఉంటుంది ఈపాటికి."

"సరిగ్గా చెప్పవయ్యా సీసా. ఇంజన్లకి జాతకాలు కూడా చూస్తున్నావా ఈమధ్య?"

"పెట్రోలులో నీళ్లున్నాయి."

గుమస్తా నవ్వు అక్కడే ఆగింది. మనిషి చెడ్డవాడు కాదు, వెంటనే వైర్‌లెస్ అందుకుని గస్తీ వాళ్లతో మాట్లాడాడు. "పెద్దాయన బోటు. దీవి వైపు. పెట్రోలులో నీళ్లట. అవునవును, మళ్లీ అదే కథ." ఆ 'మళ్లీ' అన్న మాట అతని చెవిలో ముల్లులా దిగింది, కాదు, ఈసారి ఆయన పెట్రోలు కాదు, నాది అనాలి, నోరు తెరిచాడు కూడా, కానీ గుమస్తా అప్పటికే అవతలివాళ్లకి దారి చెబుతున్నాడు, మధ్యలో అడ్డం పడితే ఆలస్యమవుతుందని ఊరుకున్నాడు. ఆలస్యమవుతుందనే ఊరుకున్నాడు. ఆ సంగతి తనకి తాను రెండుసార్లు చెప్పుకున్నాడు. కిటికీలోంచి గస్తీ బోటు ముక్కు ఎత్తుకుని వెళ్లడం కనిపించింది, దాని వెనక తెల్లటి నురగ రెండుపాయలుగా విడిపోయి మళ్లీ కలిసిపోయింది. ఇక చెయ్యడానికేమీ లేదు. గుమస్తా బెంచీ చూపించాడు, కూర్చున్నాడు.

బెంచీకి ఒక కాలు పొట్టి. బరువు అటు వేస్తే అటు, ఇటు వేస్తే ఇటు టక్కుమంటోంది. ఎదురుగా గోడకి ప్రాణరక్షణ జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూపించే బొమ్మ, అందులో మనిషి నవ్వుతున్నాడు. అన్నయ్య జాకెట్టు తొడుక్కోడు. దాన్ని దిండులా కింద వేసుకుని కూర్చుంటాడు. వదిన? వదిన తొడుక్కుందా? పొద్దున ఆమె ఏ రంగు చీర కట్టుకుందో గుర్తుంది, ఆకుపచ్చ, దాని మీద నారింజ రంగు జాకెట్టు ఉందా? ఎంత ఆలోచించినా ఆకుపచ్చే కనిపిస్తోంది, నారింజ కనిపించడం లేదు. ఆమె ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు తనకి పన్నెండేళ్లు, మొదటి రోజే తన చొక్కా గుండీ కుట్టిపెట్టింది, ఆ దారాన్ని పళ్లతో పట్టుకుని తెంచిన చప్పుడు ఇప్పుడు వినిపిస్తోంది, ఎందుకు ఇప్పుడు? మనిషి పోతే కదా ఇలాంటివి వినిపిస్తాయంటారు. ఛీ, నోరు మంచిదైతే, కాదు, నోరు కాదు ఇది, మనసు, దానికి ఎవడు తాళం వేస్తాడు?

సీసా అన్నది అతనికి జెట్టీ పెట్టిన పేరు. అసలు పేరు ఓటర్ల జాబితాకీ భార్య కోపానికీ తప్ప ఎక్కడా పనికిరావడం లేదు. ఎవరి ఇంజన్ వచ్చినా ముందు ఇంజన్ని ముట్టుకోడు, ట్యాంకులోంచి కాస్త పెట్రోలు తీసి, గీత గీసిన సీసాలో గీత దాకా నీళ్లు పోసి, పైన ఆ పెట్రోలు పోసి, మూత బిగించి ఊపి, బల్ల మీద పది నిమిషాలు పెడతాడు. నీళ్లు గీత దాటి పైకి వచ్చాయంటే పెట్రోలులో కలిపిన ఇథనాల్ నీళ్లలోకి దిగిందన్నమాట. "సారా కలిపిన పెట్రోలయ్యా ఇది, నీ ఇంజన్ తాగి పడిపోయింది, దానికి నేను కాదు, దాని భార్య కావాలి" అనేవాడు, ఎన్నేళ్లుగా అదే హాస్యం, ఎన్నేళ్లుగా జనానిది అదే నవ్వు. కారుకైతే ఈ పెట్రోలుతో పేచీ లేదు, వారం తిరక్కుండా కాల్చి పారేస్తుంది. బోటు అలా కాదు. నెలల తరబడి సగం ట్యాంకుతో నీళ్ల మీద పడి ఉంటుంది, ట్యాంకుకి గాలి కన్నం ఉంటుంది, ఆ కన్నంలోంచి వచ్చిన తేమని ఇథనాల్ వానాకాలంలో ఉప్పులా పీల్చుకుంటుంది, పీల్చుకుని పీల్చుకుని ఇక పట్టక ఒకరోజు పెట్రోలుని విడిచిపెట్టి నీళ్లని వెంటేసుకుని అడుక్కి దిగిపోతుంది. ఇంజన్ పీల్చే గొట్టం ఉండేది కూడా అడుగునే. పైన ఎంత మంచి పెట్రోలు ఉంటే ఏం లాభం? కొత్తది పోస్తే కలిసిపోతుందిలే అనుకుంటారు వెర్రివాళ్లు, ఒకసారి విడిపోయింది మళ్లీ కలవదు. ఈ ముక్క అతను జెట్టీలో చెప్పని మనిషి లేడు. చెప్పి చెప్పి నోరు అరిగింది, విని విని వాళ్లకి చెవులు అరిగాయి.

ప్రతి సీసానీ పరీక్షయ్యాక ఏం చేస్తాడు? ఇది ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పైనున్న పెట్రోలుని నేలపాలు చెయ్యడానికి ప్రాణం ఒప్పదు, నూనె జిడ్డు పట్టిన సామాను కడగడానికి పనికొస్తుందని పైపైన కడుగుడు డబ్బాలోకి ఒంపుతాడు, ఎంత జాగ్రత్తగా ఒంపినా చివర చెంచాడు నీళ్లు కూడా పోతాయి, కడగడానికేగా అని పట్టించుకోడు. రోజుకి ముగ్గురు, నలుగురు. చెంచాడు, చెంచాడు. ఆరు నెలలుగా ఆ డబ్బా అడుగు కడగలేదు. ఊరందరి ఇంజన్లలోంచీ తను పట్టుకున్న నీళ్లన్నీ, ఒక్కొక్కరికీ చూపించి బుద్ధి చెప్పిన నీళ్లన్నీ ఆ డబ్బాలో చేరాయి, ఆ డబ్బా తీసుకెళ్లి అన్నయ్య ట్యాంకులో ఒంపాడు. బెంచీ టక్కుమంది. గుమస్తా తలెత్తి చూశాడు. "టీ తెప్పించనా?" అన్నాడు. వద్దన్నట్టు తలూపాడు, ఆ తలని అవసరానికి మించి చాలాసేపు ఊపాడు.

పొద్దున, ఎంత పొద్దున, ఒక్క గంట కిందట, షెడ్డు గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు, అన్నయ్య. మూడేళ్లలో ఆయన జుట్టు ముందు భాగం ఖాళీ అయింది. అది దూరం నుంచి చూస్తే తెలియలేదు ఇన్నాళ్లూ. లోపలికి రాలేదు, గుమ్మం చెక్క పట్టుకుని నిలబడ్డాడు. "తాతనయ్యాన్రా" అన్నాడు. మూడేళ్ల తర్వాత మొదటి మాట అదీ. తెల్లవారుజామున కూతురికి ఆడపిల్ల పుట్టింది, దీవిలో, వెంటనే వెళ్లాలి, జెట్టీ పంపులో మిషను పాడైంది, అది చెప్పేటప్పుడు అన్నయ్య గొంతులో బతిమాలడం లేదు, ఇల్లు గలవాడు ఇంట్లోవాడిని అడిగినట్టు పెట్రోలు అడిగాడు. "నేనున్నానుగా" అన్నాడు తను, డబ్బా ఎత్తాడు, నీలం గుడ్డ కట్టిందే ఎత్తాడు, ఎత్తబోయే ముందు ఒక్క క్షణం అన్నయ్య కళ్లు అలమర మీదున్న సీసా మీదికి వెళ్లాయి. తను చూశాడు. చూసి ఏం చేశాడు? ప్రతి డబ్బానీ ఎవరికి పోసినా ముందు ఒక గుక్కెడు సీసాలో చూసి పోసే మనిషి, తన పెట్రోలైనా సరే, అలవాటు, చెయ్యి దానంతటదే వెళుతుంది, ఆ చెయ్యిని ఆపుకున్నాడు. సీసాకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ సీసా అన్నయ్య కంట పడకూడదు, ఇవాళ వద్దు. జన్మలో మొదటిసారి తనకి లౌక్యం తెలిసిందని లోలోపల మెచ్చుకున్నాడు కూడా.

ఎందుకంటే గొడవంతా ఆ సీసాతోనే. మూడేళ్ల కిందట అన్నయ్య కొత్త ఇంజన్ మొండికేస్తే షెడ్డుకి తెచ్చాడు, కార్బురేటర్ విప్పితే లోపల తెల్లగా పచ్చగా పాచి కట్టి ఉంది, రబ్బరు గొట్టం ఉబ్బి వేలితో నలిపితే ముక్కలై ఊడింది, నలుగురూ చుట్టూ ఉన్నారు, నలుగురు ఉంటే తనకి నాలుక ఆగదు. సీసా ఊపి ఎత్తి చూపించాడు. "ఇంజన్ని చంపింది నువ్వే అన్నయ్యా. పెట్రోలు పొయ్యడం రానివాడికి బోటెందుకు?" అన్నాడు. నాన్న పోయాక బోటు నడిపి తనని చదివించి, పాత ఇంజన్ విప్పి బిగించడం నేర్పించిన మనిషిని. అన్నయ్య సీసా అందుకుని, మూత తీసి, నెమ్మదిగా నేల మీద ఒంపేసి, ఖాళీ సీసాని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే సాయంత్రానికి కలిసి అన్నం తినేవాళ్లు.

వైర్‌లెస్ గరగరలాడింది. అతను లేచి నిలబడ్డాడు. గోడ చివర దాకా వచ్చామని, బోటు కనిపించడం లేదని, రాళ్ల వైపు చూస్తామని గస్తీ వాళ్ల గొంతు చెప్పింది. గోడ అంటే హార్బరుకి అడ్డుకట్ట, దాని చివర దాటితే అసలు నీళ్లు, మధ్యాహ్నం గాలి లేచిందంటే ఆగిన బోటును తీసుకెళ్లి ఆ బండరాళ్లకే కొడుతుంది. కార్బురేటర్ గిన్నెలో ఉన్న పాత పెట్రోలు, గొట్టంలో ఉన్నదీ కలిపి ఎంత దూరం లాగుతుంది? లెక్క వద్దన్నా బుర్ర లెక్క కడుతోంది, దానికి వచ్చిన పని అదొక్కటే. ఫిల్టరు గిన్నె కప్పుడు నీళ్లు పట్టి ఆపుతుంది, డబ్బా అడుగున ఉన్న నీళ్లు మూడు లీటర్లకి తక్కువ ఉండవు. సరిగ్గా గోడ చివర దాటే చోటు దాకా లాగుతుంది. ముందు ఒకసారి దగ్గుతుంది, పుంజుకున్నట్టు నటిస్తుంది, మళ్లీ దగ్గుతుంది. అన్నయ్య గొట్టం మధ్య పెట్రోలు తోసే రబ్బరు బుడ్డి నొక్కుతాడు, పెట్రోలు అందడం లేదేమోనని ఇంకా గట్టిగా నొక్కుతాడు, నొక్కిన కొద్దీ ఇంకాస్త నీళ్లు లోపలికి. ఇంజన్ స్టార్టు తాడు లాగుతాడు. భుజం నొప్పి ఆయనకి, కుడి భుజం, లాగలేడు ఎక్కువసేపు.

గుమస్తా దగ్గరికి ఎవరో వచ్చారు, గుమస్తా గొంతు తగ్గించి చెబుతున్నాడు, తగ్గించినా వినిపిస్తోంది: పెద్దాయన పాత పెట్రోలుతోనే బయల్దేరాడట, పాపం తమ్ముడు కనిపెట్టి పరిగెత్తుకొచ్చాడట, ఎంతైనా రక్తసంబంధం. వచ్చినవాడు ఇటు చూసి జాలిగా తలాడించాడు. ఆ జాలి వచ్చి అతని ఒళ్లో కూర్చుంది. విదిలించుకోవాలి, లేచి వెళ్లి కాదు, అది నా డబ్బా, అనాలి, ఎంతసేపు పడుతుంది, మూడు మాటలు. కాళ్లు లేవలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, ముందు వాళ్లు క్షేమంగా రానీ, అని ఒక గొంతు చెప్పింది, దాని వెనకే ఇంకో గొంతు, చాలా మామూలుగా, పొద్దున్నే పాలవాడు లెక్క చెప్పినట్టు, వాళ్లు రాకపోతే ఎవరికీ తెలియదు అంది. అతను ఉలిక్కిపడి వెనక్కి చూశాడు, నిజంగానే ఎవరో అన్నారేమోనని. గోడ, గోడ మీద జాకెట్టు మనిషి. తనే అనుకున్నాడా ఆ మాట? యాభై రెండేళ్లు ఈ ఒంట్లో ఉంటున్నాడు, ఈ గది ఒకటి ఉందని ఇన్నాళ్లూ తెలియదు. చెమట పట్టింది, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తుడుచుకుంటుంటే గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం చేతులకి జిడ్డయితే గుడ్డ దొరక్క డబ్బాకున్న నీలం గుడ్డ విప్పాడు, తుడుచుకున్నాడు, ఎవరో పిలిస్తే మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికందిన డబ్బాకి కట్టేశాడు, ముడి కూడా తనే బిగించాడు, రెండు ముళ్లు వేశాడు, ఒక ముడి చాలదని. అది తలచుకుని నవ్వు రాబోయింది, వస్తే ఆగదని పళ్లు బిగించాడు. ఎవరి మీదైనా నెడదామంటే ఎవరూ లేరు, భార్య షెడ్డుకి రాదు, పనివాడు లేడు, పంపువాడు కాదు, ఇథనాల్ కలిపినవాడు కూడా కాదు. చేతులారా అంటారే, అచ్చంగా అది. అన్నయ్య నమ్ముతాడా పొరపాటని? మూడేళ్ల పగ పెట్టుకున్నవాడు, పసిబిడ్డను చూడ్డానికి పోతున్న మనిషికి నీళ్లు కలిపి పోశాడంటే జెట్టీ ఏమనుకుంటుంది? సీసా అంటే పెట్రోలు వాసన చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు, వాడికి పొరపాటా, అంటారు. పెంచుకున్న పేరే మెడకి చుట్టుకుంటుంది.

మళ్లీ గరగర. ఈసారి గుమస్తా గొంతు కూడా మారింది. "ఏంటి? మళ్లీ చెప్పు." రాళ్ల దగ్గర ఒక తెడ్డు తేలుతోందట. బోటు లేదు, తెడ్డు ఒకటి. అతనికి చెవుల్లో హోరు, ఆఫీసులో సామానంతా చాలా స్పష్టంగా, అవసరం లేనంత స్పష్టంగా కనిపించసాగింది, గుమస్తా కలం మూత మీద పంటిగాట్లు, టీ గ్లాసు అంచున ఎండిన వలయం, కిటికీ చువ్వ మీద ఒక చీమ ఏదో మోసుకుపోతూ ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు. తెడ్డు. అన్నయ్య బోటులో తెడ్లు నాన్నవి, పిడి దగ్గర అరిగి నల్లబడి ఉంటాయి, చిన్నప్పుడు తను వాటిలో ఒకదాని మీద పేరు చెక్కితే నాన్న వీపు విమానం మోత మోగించాడు, అన్నయ్య అడ్డం వచ్చి ఆ దెబ్బల్లో సగం ఆయనే తిన్నాడు. ఏ తెడ్డు అది? అడగాలనుకున్నాడు, దాని మీద అక్షరాలున్నాయా అని. దేవుడా అనుకోలేదు, అనుకోవడానికి మొహం చెల్లలేదు, ఊరికే వదినా వదినా అనుకున్నాడు, పాప ఇంకా కళ్లయినా తెరిచి ఉండదు, తాతా నానమ్మ కాదు అమ్మమ్మ, తాతా అమ్మమ్మ, వాళ్ల కోసం అక్కడ ఒక గదిలో కిటికీ తెరిచి పెట్టుకుని ఉంటారు. గంట ఎంత? పన్నెండుకి ఐదు తక్కువ. ఇంతసేపు గడిచి ఇంతేనా గడిచింది.

తర్వాత ఎంతసేపటికో గుమస్తా "ఆ! ఆ! ఇద్దరూనా?" అని అరిచాడు. "ఇద్దరూనా?" అని మళ్లీ అడిగి ఇటు తిరిగి రెండు వేళ్లు చూపించాడు. రాళ్ల అవతలి వైపు దొరికారు, బోటుకి ఎడమ పక్క చీలింది, మునగలేదు, తాడు కట్టి లాక్కొస్తున్నారు. అతను బెంచీ మీద కూర్చోబోయి బెంచీ లేని చోట కూర్చున్నాడు. ఏడవలేదు. రెండు చేతులూ నేల మీద ఆనించుకుని, సిమెంటు చల్లగా ఉందే అనుకున్నాడు.

జెట్టీ మీద పాతికమంది పోగయ్యారు. గస్తీ బోటు వెనక అన్నయ్య బోటు ఒక పక్కకి ఒరిగి వస్తోంది, అందులో ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద నారింజ, తొడుక్కుంది, వదిన తొడుక్కునే ఉంది. అన్నయ్య ముందు దిగాడు, తడిసి ముద్దయ్యాడు, జనాన్ని తోసుకుంటూ తిన్నగా తన దగ్గరికే వచ్చాడు, కొడతాడనుకున్నాడు, కొట్టమని మనసు కోరుకుంది. అన్నయ్య చెయ్యి వచ్చి భుజం మీద పడింది, పట్టుకుంది.

"నువ్వు చెప్పిందే నిజంరా" అన్నాడు, నలుగురూ వినేలా, మూడేళ్ల కిందట తను అన్నంత గట్టిగా. "ఫిల్టరు గిన్నె విప్పి చూశాను. నిండా నీళ్లే. నా ట్యాంకులో పాతవి అడుగునుండిపోయాయి. ఆ రోజు నలుగురిలో అన్నావని రోషపడ్డానుగానీ, విని ఉంటే ఇవాళ ఇంత జరిగేది కాదు. నువ్వు మంచి పెట్రోలు పోస్తే అది కూడా పాడుచేశాను."

అతనికి ఒక్క క్షణం భాష అర్థం కాలేదు. మాటలు వరసగా వచ్చి తల బయటే నిలబడ్డాయి. అన్నయ్య క్షమాపణ అడుగుతున్నాడు. తనని. ఆ మనిషి జీవితంలో ఎవరి ముందూ తల దించింది చూడలేదు, ఇప్పుడు ఖాళీ అయిన ఆ ముందు జుట్టుతో సహా తల దించి నిలబడ్డాడు.

"కాదన్నయ్యా" అన్నాడు. తుమ్మినట్టు వచ్చేసింది. "నేను పోసిందే. కడుగుడు డబ్బాలోది పోశాను."

గుమస్తా పకపకా నవ్వాడు. "సీసా నీళ్ల పెట్రోలు పోశాడట! విన్నారా!" జనం కూడా నవ్వారు, గండం గడిచిందన్న నవ్వు. అన్నయ్య భుజం మీద చెయ్యి ఇంకా గట్టిగా నొక్కాడు. "చాల్లేరా. నా తప్పు నీ నెత్తిన వేసుకోకు. నీ గురించి నాకు తెలీదా?" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ అతన్ని చూస్తున్నారు, ఇంత మంచి తమ్ముడా అన్నట్టు చూస్తున్నారు, గాలి కూడా కాస్త తగ్గింది. చెప్పాల్సింది చెప్పేశాడు కదా, నమ్మకపోతే తన తప్పా? ఇక ఊరుకుంటే చాలు, అన్నయ్య దక్కుతాడు, పేరు దక్కుతుంది, రేపు పాపను చూడ్డానికి తను కూడా వెళ్లొచ్చు. ఊరుకోవడం ఎంత సులువో చూసి అతనికి భయమేసింది.

అప్పుడు వదిన దిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉన్నాయి, కొంగు ఎర్రగా తడిసింది. "ఈవిడ లేకపోతే రాళ్ల మీదికే పోయేవాళ్లం" అంటున్నాడు అన్నయ్య ఎవరికో, "నేను ఇంజన్ విప్పుతూ కూర్చున్నాను, ఒక తెడ్డు కొట్టుకుపోయింది, ఉన్న ఒక్కదానితో అరగంట బోటుని రాళ్ల మీద బద్దలవనివ్వకుండా నెట్టింది." కొంగు జారితే అరచేతులు కనిపించాయి. చర్మం లేదు. అతను అన్నయ్య చేతి కింద నుంచి జరగకుండానే ఆమె వైపు తిరిగాడు.

"వదినా, నేను పోసిందే. నిజంగా. నిన్న గుడ్డ మార్చి కట్టాను. రెండు డబ్బాలూ షెడ్డులోనే ఉన్నాయి, చూపిస్తాను. అన్నయ్య ట్యాంకులో ఏమీ లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వదిన అతన్ని చూసింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాడు, కనీసం ఆశ్చర్యం కోసం వెతికాడు, రెండూ లేవు.

"నువ్వు పోస్తుంటేనే వాసన తేడాగా అనిపించింది చిన్నోడా" అంది. "పాత రంగుడబ్బా వాసన. అడుగుదామనుకున్నాను. మూడేళ్లకి మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు, మధ్యలో నేనెందుకులే అని ఊరుకున్నాను."

భుజం మీద అన్నయ్య చెయ్యి బరువు మారింది. "అనుమానం ఉండే ఎక్కావా?" అన్నాడాయన.

"ఎక్కాను. ఆగిపోతే ఆగిపోయింది, నాకు తెడ్డు వెయ్యడం రాదా అనుకున్నాను."